కుంటుపాట

మడుగు పూర్తిగా ఎండిపోయిన ఏడు నాకు పందొమ్మిదేళ్లు. చంకలో పది నెలల కూతురు దెలాలి. ఉత్తరాన్నించి వచ్చే పొడిగాలికి పెదాలు పగిలి నెత్తురు చిమ్మేవి. మొన్నటిదాకా మోకాలి లోతు నీళ్లున్న చోట ఉప్పు తెల్లటి పెచ్చు కట్టింది. ఆడవాళ్లం పొద్దున్నే బుట్టలూ సొరకాయ చిప్పలూ పట్టుకుపోయి, నడుం విరిగేలా వంగి ఆ పెచ్చు గీకి కుప్పలు పోసేవాళ్లం. మడుగులో చేప లేదు. పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. మగవాళ్లకి పనిలేదు. దాంతో తిట్టుపాటలు మొదలయ్యాయి.

మా ఊరు సముద్రానికీ మడుగుకీ మధ్య సన్నటి ఇసుకదిబ్బ. సముద్రం వైపున్నది కడలివాడ, మడుగు వైపున్నది మడుగువాడ. ఏ పెళ్లిలోనో కల్లు దగ్గర మాటా మాటా పెరిగితే చాలు, రెండు వాడలూ డోళ్లు బయటికి తీసేవి. సంత నాలుగు రోజులకోసారి. ఒక సంత మర్నాడు వీళ్లు పాడితే, తర్వాతి సంత మర్నాడు వాళ్లు. పాడుతున్నంతసేపూ తిట్లు పడేవాళ్లు ఎదురుగా నిలబడి వినాలి. చెయ్యెత్తకూడదు, నోరెత్తకూడదు, చెవులు మూసుకోకూడదు, వెళ్లిపోకూడదు. తిరిగి కొట్టాలంటే పాటతోనే కొట్టాలి. పాటలో అబద్ధముంటే జనానికి నవ్వు రాదు. అందుకని నిజాలు కావాలి, ఎదుటివాడ ఇళ్లలోని నిజాలు.

నేను కడలివాడ పిల్లని, మడుగువాడ కోడల్ని. అలాంటివాళ్లం ఊళ్లో చాలామందిమే ఉన్నాం. నా సంగతి మాత్రం వేరు. కడలివాడకి పాటలు కట్టేది మా నాన్న గోమాషీ. మడుగువాడకి కట్టేది మా మామగారు సెదోఫియా.

మొదటి వంతు కడలివాడది. మధ్యాహ్నం ఎండ వాలాక మా మడుగువాడంతా వెళ్లి వాళ్ల డోళ్లకెదురుగా నిలబడ్డాం. నేను మా అత్తగారు అమెయో పక్కన నిలబడ్డాను. మా నాన్న గుర్రపుతోక చామరం ఊపుతూ ముందుకొచ్చి ఎత్తుకున్నాడు.

"మొగుడికి తోక, కొడుక్కి ముల్లు.
తల ఏదమ్మా? పిల్లి తిన్నది.
అమెయో, అమెయో,
మీ పిల్లి మెడలో పూసలున్నాయేం?"

కడలివాడ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ మీద మీద పడి నవ్వారు. మా వాడవాళ్లు కూడా కొందరు తలలు దించుకుని నవ్వారు, నేను చూశాను. అత్తగారి చేతులు మెడలోని పూసల మీదికి వెళ్లి ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక ఆవిడ కుండ మూత దబ్బున పెట్టింది.

"చేపతల సంగతి ఈ గడప దాటి ఎలా పోయిందంట? పొయ్యి కాళ్లొచ్చి నడిచెళ్లి చెప్పిందా?"

"పోనీలేవే, నిజంగా తింటావుగా," అన్నాడు మామగారు, మోకాలి కట్టు విప్పుకుంటూ.

"నేను తింటే తిన్నాను. ఇంట్లో తిన్నది బయట ఎవరు కక్కారో అది తేలాలి."

ఆ మాటంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు భయమేసింది.

కడలివాడ రెండో వంతులో పాట నా మొగుడు కోమ్లా మీదికి వచ్చింది. నన్ను పెళ్లికి అడగడానికి మా ఇంటికి వచ్చే ముందురోజు కోమ్లా, మా నాన్నతో ఏం మాట్లాడాలో పాక వెనక ఒక మేకని ఎదురుగా కట్టేసి సాధన చేశాడు. "అయ్యా, మీ తోటలో ఒక పువ్వు చూశాను," అని నాలుగుసార్లు చెప్పాక ఆ మేక అతని పంచె కొరికింది. పెళ్లయిన నెలలో ఈ సంగతి కోమ్లాయే చెప్పి, ఇద్దరం చాప మీద పొర్లి పొర్లి నవ్వుకున్నాం. ఇప్పుడది మా నాన్న నోట, ఆరు డోళ్ల మీద, ఊరంతటికీ వినపడింది. ఆ పాట చివర కడలివాడ కుర్రకారంతా ఒక్కసారి మేకలా అరిచారు.

కోమ్లా ఇంటిదాకా నా ముందు గబగబా నడిచాడు. లోపలికొచ్చాక తలుపు తడిక దగ్గరికి వేశాడు.

"ఆ సంగతి ఎవరికి చెప్పానో తెలుసా?"

"నాకు."

"నీకొక్కదానికే."

"నేను మా నాన్నతో మాట్లాడి నెల దాటింది కోమ్లా. డోళ్లు బయటికొచ్చిన రోజునించీ ఆ వాడ వైపు పోలేదు."

"మొన్న ఉప్పుకుప్పల దగ్గర మీ చిన్నమ్మ కనపడలేదూ?"

"పిల్ల ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. దాన్ని కూడా పాట కడతారా?"

అతనికి నేను చెప్పేది నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నాడు. ఆ ముఖం చూడలేక పిల్లకి పాలిచ్చే వంకతో అటు తిరిగాను.

ఆ రోజునించీ నన్ను సాధనకి రానివ్వలేదు. మా వాడ పాటలు కొబ్బరితోట లోపల, కాపలా పెట్టుకుని నేర్చుకునేవాళ్లు. అంతకుముందు ఆడవాళ్ల వరసలో మొదటి గొంతు నాదే. మామగారికి నా గొంతంటే ఇష్టం. కొత్త పాట కట్టినప్పుడల్లా పొయ్యి దగ్గరికొచ్చి, "సెనామే, ఇది ఒకసారి అను తల్లీ," అని నాచేత అనిపించుకునేవాడు. నిజానికి ఈ ఇల్లు నాకు ఇల్లయ్యింది ఆయనవల్లే. ఆయన పాటకి ఒక గుర్తుంది: ముందు పాదం ఏ మాటతో ఆగుతుందో ఆ మాటే పట్టుకుని తర్వాతది ఎత్తుకుంటాడు. గొలుసు అల్లినట్టు. మా నాన్నది అలా కాదు. పొట్టి చరణాలు, గిల్లి పారిపోయినట్టు.

మామగారి పేరు ఊళ్లు దాటింది మాత్రం తిట్టుపాటల వల్ల కాదు. ఆయన ఇరవయ్యేళ్ల వయసులో, కోకో తోటల సీమకి వెళ్లి అక్కడే పోయిన అన్న జొకోటో కోసం కట్టిన ఏడుపుపాట ఒకటుంది. మా తీరంలో ఏ చావు జరిగినా, ఏ వాడైనా, అదే పాడతారు.

"తాటాకు పడవెక్కి మడుగు దాటుతున్నా,
ఒడ్డున నాకోసం ఎవరూ లేరా?
సెదోఫియా అంటున్నాడు
నా చాప మడిచి పెట్టండి."

పాట కట్టినవాడు తన పేరు పాటలో పెట్టుకోవడం మావాళ్ల పద్ధతి. ఈ పాట నేర్చుకునేటప్పుడు ఆయన పేరున్న చోట నా గొంతు ప్రతిసారీ తడబడేది. "ఇక్కడ ఒక అడుగు ఎక్కువవుతోందేం మామయ్యా?" అంటే, "ఏడ్చేవాడు తడబడడా ఏంటి?" అని ముఖం తిప్పేసుకున్నాడు. ఊరంతా ఆ కుంటు దగ్గరే కన్నీళ్లు పెట్టుకునేది. నేనూ అలవాటు పడిపోయాను.

సాధన లేని మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుంటే నాకూ అనుమానం అంటుకుంది. నేను చెప్పలేదు, అది నాకు తెలుసు. మరి ఎవరు? ఆడపడుచు అఫీ రోజు మార్చి రోజు ఉప్పు అమ్మడానికి కడలివాడకి పోతుంది. వచ్చేటప్పుడు కొత్త తలగుడ్డ కట్టుకొచ్చింది, ఎవరిచ్చారు? అత్తగారు బావి దగ్గర నోరు విప్పితే నీళ్లు తోడేవాళ్లందరూ చేదలు ఆపి వింటారు. కోమ్లాకి కల్లు పడితే చెప్పకూడనిది లేదు. నేను వాళ్ల నోళ్లు చూస్తున్నాను, వాళ్లు నా నోరు చూస్తున్నారు. తినేటప్పుడు కూడా మాట్లాడుకోవడం మానేశాం. మొక్కజొన్న పిండితో చేసిన అక్పలే ముద్ద బెండకాయ పులుసులో ముంచుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడేది కాదు.

ఒకరోజు అత్తగారు ఎన్నడూ లేనిది నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మామగారు కొంచెం దూరంలో వల బాగుచేసుకుంటున్నాడు.

"అమ్మాయ్, నీకొక్కదానికే చెబుతున్నాను. మీ మామయ్య పెళ్లికి ముందు ఒక ఓడ వంటవాడి దగ్గర జీతానికుండి, వాడి బూట్లు దొంగిలించి పారిపోయొచ్చాడు. ఎవరితోనూ అనకు."

"అననత్తమ్మా," అన్నాను. అది ఎర అని ఆవిడ కళ్లే చెప్పాయి. మామగారు తలెత్తలేదు గానీ వల ముడి వేస్తున్న వేలు ఒక్క క్షణం ఆగింది. తన గురించి కట్టిన అబద్ధం తన ఎదురుగానే వింటూ ఊరుకున్నాడేంటా అనుకున్నాను.

తర్వాతి కడలివాడ వంతులో బూట్ల మాటే రాలేదు. నేను బయటపడ్డాననుకున్నాను. ఇంటికి రాగానే అఫీ చెయ్యి తిప్పింది.

"చూశావా అమ్మా? ఎంత జాణో! పసిగట్టేసింది."

"పసిగట్టకపోతే గోమాషీ కూతురెందుకవుతుంది?" అంది అత్తగారు.

చెబితే దొంగని. చెప్పకపోతే ఇంకా పెద్ద దొంగని.

వారం తిరగకుండా వాడపెద్ద అగ్బోజో మా ఇంటికొచ్చి, నేను గడపలో ఉండగానే కోమ్లాతో అన్నాడు. "సంత వెళ్లిన మూడోరోజు నీ పెళ్లాం దేవర పాకలో ఒట్టు పెట్టాలి. చేరవేసిందని తేలితే పుట్టింటికి పోతుంది. పిల్ల మన వంశానిది, మనింట్లోనే ఉంటుంది."

కోమ్లా నేల వైపు చూస్తూ, "అలాగే పెద్దయ్యా," అన్నాడు. దెలాలి అప్పుడు నా కొంగు పట్టుకుని లేచి నిలబడడానికి ప్రయత్నిస్తోంది. దాని చెయ్యి నా చీలమండ మీద పడింది. చెయ్యి చల్లగా ఉందో, నా కాలే చల్లబడిపోయిందో తెలీదు.

ఆ లోపల కడలివాడ వంతు ఇంకొకటి వచ్చింది. ఆ రోజు మా నాన్న నవ్వలేదు. చామరం కూడా ఊపలేదు. డోళ్లు నెమ్మదిగా మొదలయ్యాయి, చావింట్లో కొట్టినట్టు.

"సెదోఫియా, నీ పాటకు కాలు కుంటు.
కుంటుపాట ఎవరి గడపనుంచి వచ్చింది?
వచ్చిన గడపవాడు కోకో మట్టిలో ఉన్నాడు.
ఉన్నవాడి నోట్లో పోయినవాడి పేరు లేదు.
పేరు తిరిగి ఇచ్చెయ్యి. జొకోటో అని పాడు."

ఆ వెంటనే కడలివాడ ఆడవాళ్లు ఏడుపుపాట ఎత్తుకున్నారు. "జొకోటో అంటున్నాడు, నా చాప మడిచి పెట్టండి." తడబాటు లేదు. పేరు ఆ చోట కుండ మీద మూతలా కుదురుకుంది.

ఎవరూ నవ్వలేదు. మా వాడలో ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తగారు "అబద్ధం!" అని అరవబోయి, నియమం గుర్తొచ్చి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

నేను మాత్రం వేరే సంగతి పట్టుకున్నాను. ఈ పాట గొలుసు. మా నాన్న జన్మలో ఇలా కట్టలేదు. తల తిప్పి మామగారి వైపు చూశాను. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, నియమం ప్రకారం కదలకుండా నిలబడి ఉన్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. కడలివాడ గొంతు కన్నా ఒక మాట ముందుగా.

మర్నాడు పొద్దున్నే ఉప్పు దగ్గరికి వెళ్లేవాళ్లలో ఆయన కూడా బయల్దేరాడు. మోకాలు బాగాలేని మనిషి, ఉప్పుకెందుకని అఫీ నవ్వింది. ఆయన నా కుప్ప పక్కనే బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. మిగతావాళ్లు నాకు దూరంగా గీక్కుంటున్నారు, నా పక్కన ఎవరూ పనిచేయడం మానేసి చాలా రోజులైంది.

"కనిపెట్టావు కదా?" అన్నాడు.

"మేక సంగతి మీకెలా తెలుసు మామయ్యా?"

"ఆ రోజు పాక వెనకే వల ఆరేస్తున్నాను. మేక కన్నా ముందు నేనే విన్నాను."

నాకు నవ్వు రాలేదు. ఆయన చెప్పుకుపోయాడు. వారానికోసారి మోకాలికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లే వైద్యుడి పాకలో మా నాన్న కూడా నడుం నొప్పికి వస్తాడు. అక్కడే. ముందు చేపతల, మేక లాంటివి ఇచ్చాడు, తను చెప్పేది నిజమేనని మా నాన్నకి నమ్మకం కుదరడానికి. తర్వాత పాటే కట్టి ఇచ్చాడు, రెండు చరణాలు.

"ఎందుకు?"

"ఆ పాట అన్నయ్య వెళ్లబోయే ముందు నాకు నేర్పి వెళ్లాడు. చచ్చిపోయాడని తెలిశాక అతని కర్మ రోజున పాడబోయి, పేరు దగ్గరికొచ్చేసరికి నా పేరు నోట్లోంచి వచ్చేసింది. అంతే. జనం ఏడ్చారు. నన్ను ఎత్తుకున్నారు. మర్నాడు చెబుదామనుకున్నాను. యాభై ఏళ్లయింది." ఉప్పుగడ్డ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "నేను పోయినరోజు నా మీద అదే పాడతారు, నా పేరుతో. అది తలుచుకుంటే నిద్ర పట్టడంలేదు. మనవాడలో చెబితే ముసలాడికి మతి పోయిందని నోరు మూసేస్తారు. వాడ పరువు కదా. పగవాడైతే గట్టిగా పాడతాడు."

"నన్ను వెళ్లగొడుతున్నారు మామయ్యా. పిల్లని ఉంచేసుకుంటారంట."

"తెలుసు."

"మీరు చెప్పండి."

ఆయన దూరంగా ఉన్న ఆడవాళ్ల వైపు చూశాడు. "ఇంకో చరణం ఉందమ్మా. అది వాళ్ల వచ్చే వంతులో పాడతారు. అది కూడా అయిపోనీ."

"ఒట్టు అంతకంటే ముందే కదా!"

"నువ్వు చెప్పలేదు కదా. ఒట్టు నిన్నేం చేస్తుంది?"

బుట్ట నెత్తికెత్తుకుని వచ్చేశాను. ఈ మనిషా నన్ను తల్లీ అని పిలిచింది? దారిపొడుగునా అనుకున్నాను, ఇప్పుడే వెళ్లి అగ్బోజోతో చెప్పేస్తానని. చెబితే నమ్మరని కూడా తెలుసు. తప్పు ముసలాయన మీదికి తోస్తోందంటారు.

దేవర పాక ముందు వాడంతా గుమిగూడింది. సొరకాయ చిప్పలో మట్టి కలిపిన నీళ్లు నా చేతికిచ్చారు. దెలాలిని అఫీ ఎత్తుకుంది, ముందే.

"ఈ ఇంటి మాట ఒక్కటైనా కడలివాడకి చేరవేశావా?" అన్నాడు అగ్బోజో.

"లేదు." తాగాను. గొంతులో ఇసుక గరగరలాడింది.

జనం నా పొట్ట వైపు చూస్తున్నారు, అబద్ధమైతే అక్కడికక్కడే ఉబ్బుతుందేమోనని. అగ్బోజో చిప్ప వెనక్కి తీసుకోబోతూ ఆగాడు.

"అయితే ఎవరు చేరవేశారో తెలుసా?"

దేవర నీళ్లు ఇంకా నాలుక మీదున్నాయి. అబద్ధం రాలేదు.

"తెలుసు."

"ఎవరు?"

"చెప్పను."

పాక ముందు గోల లేచింది. "అదిగో!" అంది అత్తగారు. కోమ్లా నా చెయ్యి పట్టుకుని, "చెప్పెయ్యి సెనామే, నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పెయ్యి," అన్నాడు. అందరిముందూ అతను నన్ను ముట్టుకుని నెల రోజులైంది. అయినా నేను నోరు విప్పలేదు. ఆయన్ని కాపాడాలని కాదు. ఆయన నోటితోనే రావాలని పంతం పట్టింది నాకు.

చేతికర్ర నేలకి రెండుసార్లు తగిలిన చప్పుడైంది.

"ఆ పిల్లని కూర్చోబెట్టండి. చెప్పింది నేను. పాట కట్టిందీ నేనే."

అగ్బోజో పగలబడి నవ్వాడు.

"అన్నా, కోడలి మీద ప్రేముంటే ఉండొచ్చు. నీ మీద నువ్వే తిట్టుపాట కట్టుకున్నావంటే మేకలు కూడా నమ్మవు."

"మనవరాలికి తల్లి లేకుండా పోతుందని పాపం, ముసలాయన," అంది వెనకనుంచి ఎవరో.

మామగారు వాళ్లు నవ్వడం అయ్యేదాకా ఆగాడు. "వాళ్లు వచ్చే వంతులో పాడబోయే చరణం ఇది. ఇప్పుడే వినండి. అప్పుడు వెళ్లి పోల్చి చూసుకోండి." కర్ర మీద వాలి ఎత్తుకున్నాడు.

"కబురొచ్చింది కోకో సీమ బాటసారి వెంట.
వెంట తెచ్చిన పేరు నా చెవిలో వేసి పోయె.
పోయినవాడి పేరు గొంతులో ముల్లు.
ముల్లు తీసే చెయ్యి పగవాడి చెయ్యి."

అన్నగారు చనిపోయేముందు, తన కర్మ రోజున ఆ పాట తన పేరుతో పాడమని ఒక బాటసారితో కబురు పంపాడట. ఆ సంగతి ఆ రోజే బయటపడింది. నాకూ చెప్పలేదు ఆయన.

అగ్బోజో తొందరపడే మనిషి కాదు. "ఈ చరణం ఇప్పుడు ఈమె కూడా విన్నది," అని నన్ను చూపించాడు. "ఇప్పుడు పోయి నాన్నకి చెప్పి పాడించదని ఏముంది?" దాంతో వాళ్ల వంతు అయ్యేదాకా నేనూ మామగారూ ఇల్లు కదలకూడదన్నారు. గడపలో ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టారు. మా ఇద్దరినీ ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వలేదు. ఐదు రోజులు ఆయన ఒక మూల, నేనొక మూల. పిల్ల మాత్రం ఇద్దరి మధ్యా పాకుతూ తిరిగేది.

పాడే రోజు మమ్మల్ని ఇంట్లోనే వదిలి వాడంతా వెళ్లింది. డోళ్ల చప్పుడు దూరంనించి వినపడుతోంది గానీ మాటలు తెలియడం లేదు. మామగారు చప్పుడుని బట్టి వేలితో నేల మీద తాళం వేస్తున్నాడు. ఒక చోట వేలు ఆపేశాడు.

"అయిపోయింది," అన్నాడు నాతో కాదు, ఎవరితోనూ కాదు.

కాసేపటికి అఫీ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. గడపలో ఆగిపోయి తండ్రి వైపు చూసింది. "ఒక్క మాట కూడా తేడా లేదు నాన్నా," అంటూ ఏడ్చింది.

వాడ ఆయన్ని డోళ్ల దగ్గరికి రానివ్వడం మానేసింది. ఒక గొర్రె, రెండు సీసాల సారా తప్పు కట్టించుకుని, పాటలు కట్టే పని ఆయన తమ్ముడి కొడుక్కి ఇచ్చారు. ఆయన ఆ తర్వాత రెండు వానకాలాలు బతికాడు. పోయిన రోజున రెండు వాడలూ వచ్చాయి, ఏడుపుపాట జొకోటో పేరుతోనే పాడారు. ఆయన చాప మడిచింది అత్తగారు.

నా సంగతికొస్తే, ఇంట్లోవాళ్లు ఎవరి తీరులో వాళ్లు దిగొచ్చారు. అత్తగారు మూడురోజులు వరసగా చేపతల నా పళ్లెంలో వేసింది. అఫీ కొత్త తలగుడ్డ తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఉప్పు డబ్బుతో కొనుక్కున్నాలే, నువ్వేమనుకున్నావో," అంది, నేను అడగకుండానే. కోమ్లా నా వైపు చూడాలంటే సిగ్గుపడి, చిరిగిన నా ఉప్పుబుట్ట రెండుసార్లు అల్లి ఇచ్చాడు. మొదటిసారే బాగా వచ్చింది.

పుట్టింటికి వెళ్లొస్తానంటే ఈసారి ఎవరూ అడ్డుపడలేదు.

మా నాన్న కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది. దెలాలిని ఎత్తి గాల్లోకి ఎగరేశాడు.

"ఏమ్మా, గెలిచావంటగా!"

"నాన్నా, వాళ్లు నన్ను అనుమానిస్తున్నారని నీకు తెలుసా?"

"ఊరంతా తెలుసు."

"చెప్పింది నేను కాదని ఊళ్లో తెలిసింది నీకూ మామయ్యకీ మాత్రమే."

"ఆఁ."

"మరి ఒక్క మాట కబురు పెట్టలేదేం? మా అమ్మాయి కాదు, అని ఒక్క మాట."

పిల్లని దించి మళ్లీ తాడు అందుకున్నాడు.

"కబురు పెడితే మరెవరని అడుగుతారు. ఆరా తీస్తారు. పాట మధ్యలో ఆగిపోయేది." తల పైకెత్తాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి, కానీ అది నాకోసం కాదు. "ముప్పై ఏళ్లుగా కడుతున్నాను సెనామే. జనాన్ని నవ్వించాను. అలాంటి పాట ఒక్కటి నా చేతికి రాలేదు. పగవాడు తెచ్చి ఒళ్లో పెడితే ఎలా ఆపను చెప్పు?"

"పిల్లని ఉంచేసుకుని ఉంటే?"

"నువ్వు గట్టిదానివి," అన్నాడు. తర్వాత మెల్లగా, "చివరి చరణం నా నోట నువ్వు వినలేదుగా? పాడనా?" అన్నాడు.

వద్దనాలి. అనలేదు. ఆయన కళ్లు మూసుకుని, డోలు లేకుండా, తాడు ఒళ్లో పెట్టుకుని నాకోసం పాడాడు. బాగుంది. అంత బాగున్నందుకు ఆయన్ని క్షమించలేకపోయాను.

పొద్దు వాలకుండానే ఇంటికొచ్చేశాను. కోమ్లా వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. పిల్లని అందుకుని నా వెనకే లోపలికొచ్చాడు. అత్తగారు పొయ్యిమీది కుండ దించి పక్కకి జరిగింది. అఫీ గింజలు చెరగడం ఆపింది.

"వచ్చే సంతకి మనవంతు," అన్నాడు కోమ్లా గొంతు తగ్గించి. "వాళ్లకి తగిన జవాబు లేక మనవాళ్లు తల బద్దలుకొట్టుకుంటున్నారు. అగ్బోజో పెద్దయ్య కూడా అడిగి పంపాడు. మీ నాన్న ఏమన్నాడు? ఏదైనా అన్నాడా?"

ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. కూతురు ఏమైపోయినా పాటే కావాలనుకున్న పాటగాడు. అంతకు మించిన తిట్టు ఆ తీరంలో ఎవరికీ దొరకదు. ఆ నెలలన్నీ నేను చెయ్యలేదని నెత్తీనోరూ కొట్టుకున్న పని, ఇప్పుడు చెయ్యమని బతిమాలుతున్నారు.

"ఏమీ అనలేదు," అన్నాను. "పిల్ల బాగా ఎదిగిందన్నాడు."